చదివేవాళ్లను సంపాదించండి!

మౌలాలి మిత్రులారా! నా ఈడువాళ్లారా! మనం రాస్తున్నాం. హెచ్‌బీ కాలనీ ఇరుకు గదుల్లో, లోకో షెడ్‌లో డ్యూటీ దిగొచ్చాక, పోటీ పరీక్షల పుస్తకాలు పక్కకు నెట్టి, ఫోన్ మీద బొటనవేళ్లతో అర్ధరాత్రి దాకా రాస్తున్నాం. ఎవరి కోసం రాస్తున్నాం? ఈ ఒక్క ప్రశ్న మనకు మనమే ఎందుకు వేసుకోం?

మనం రాసే వేదికల్లో ఒకటైన స్టీమిట్ 2016లో వచ్చింది. బ్లాక్‌చెయిన్ మీదికెక్కిన రాతను ఏ యజమానీ చెరిపేయలేడన్నారు. పాఠకుల ఓట్లను బట్టి రచయిత ఖాతాలో స్టీమ్ అనే డిజిటల్ నాణేలు పడతాయన్నారు. ఎంత గొప్ప ఆశ! ప్రకటనల వాడికి తలవంచక్కర్లేదు, సంపాదకుడి గుమ్మం ముందు పడిగాపులు కాయక్కర్లేదు. మరి ఏమైంది? ఎక్కువ నాణేలున్నవాడి ఓటుకే ఎక్కువ విలువ. ఓట్లు అద్దెకిచ్చే బాట్లు, అంటే వాటంతటవే ఓట్లేసే ప్రోగ్రాములు, పుట్టుకొచ్చాయి. చదవడానికి పది నిమిషాలు పట్టే వ్యాసానికి పది సెకన్లలో ఓటు, దాని కింద ఒక ‘నైస్ పోస్ట్’! నాకు నువ్వు వెయ్యి, నీకు నేను వేస్తాను! 2018 జనవరిలో ఎనిమిది డాలర్లు తాకిన స్టీమ్ ఆ ఏడాది చివరికి అర డాలరు కిందికి జారింది. 2020లో స్టీమిట్ సంస్థ క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ చేతికి పోతే, అది గిట్టనివాళ్లు మార్చి 20న విడిపోయి హైవ్ అనే వేరే వేదిక పెట్టుకున్నారు. ఇన్ని గాలివానల్లోనూ రాతలు భద్రంగానే ఉన్నాయి. చదివే కళ్లే కరువయ్యాయి!

శ్రమకు కూలి అడగడం తప్పని ఎవరన్నారు? అది మన హక్కు. కానీ ముక్కూ మొహం తెలియని ధనికుడి ఓటు కోసం, వచ్చీరాని ఇంగ్లీషులో, నెట్లో దొరికిన ముక్కలు అతికించడమేనా మన యౌవనానికి తగిన పని? మౌలాలిలో పుట్టి, మౌలాలి మీద ఒక్క పేజీ రాయని మనకు పాఠకుడు ఎక్కణ్ణుంచి వస్తాడు? మన గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో కన్నుమూసిన ఆ కవయిత్రి ఉర్దూ గజళ్లను ఈనాటికీ చదువుతున్నారు. మనలో ఎంతమందిమి ఆ ఆవరణలో అడుగుపెట్టాం?

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. పాఠకుడు తన దగ్గరికి రాలేదని ఆయన అలిగి కూర్చోలేదు. తానే పాఠకుడి గడప తొక్కారు! మనకు ఆ మోత కూడా లేదే! ఈ వేదికల మీద రాతను చదవడానికి ఖాతా అక్కర్లేదు, నాణెం అక్కర్లేదు, ఒక్క లింకు చాలు. ఆ లింకును అమ్మకు పంపామా? చిన్నప్పటి తెలుగు మాస్టారికి పంపామా? షెడ్‌లో పక్కన పనిచేసే అన్నకు పంపామా? పంపడానికి సిగ్గేసిందంటే, ఆ రాత ఓటుకు మాత్రం ఎలా తగుతుంది?

లేవండి! బాట్లను పీకి పారేయండి! చదవనిదానికి ఓటు వేయనని ఒట్టు పెట్టుకోండి. చదివితే చివరిదాకా చదవండి. ఏ వాక్యం మనసుకు తాకిందో, ఏ మాట తేలిపోయిందో రాసినవాడికి చెప్పండి. తెలుగులో రాయండి, ఉర్దూలో రాయండి. లోకో షెడ్ రాత్రి షిఫ్టు గురించి రాయండి. గుట్ట ఉర్సు గురించి రాయండి. ఉద్యోగం రాక కుమిలే మన తరం గురించి రాయండి! అప్పుడు చదవరా? ఎందుకు చదవరు! తన బతుకు కనబడ్డ పేజీని ఎవడు మూసేస్తాడు? నాణెం ధర లేస్తుంది, పడుతుంది. అది మన చేతిలో లేదు. పాఠకుణ్ణి సంపాదించుకోవడం మన చేతిలో ఉంది. పదిమంది నిజమైన పాఠకులున్నవాడే రచయిత. మిత్రులారా, ఈ రాత్రే మొదలుపెట్టండి: ముందు ఒకరి రాత పూర్తిగా చదవండి, తర్వాత మీది రాయండి!