విదేశాల్లో ఇంగ్లీషు పంతులు కొలువు: పాడేరు యువతకు దారి ఏది?

ఒక పిల్లవాడిని బి.ఎడ్. దాకా చదివించాలంటే మన్యంలో ఒక కుటుంబం ఎన్నేళ్లు కాఫీ గింజలు, పసుపు, మిరియాలు సంతకు మోయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. అంత కష్టానికీ వెనుక ఉన్న ధైర్యం ఒక్కటే: చదువు పూర్తయితే సొంత కొండల్లోనే పంతులు ఉద్యోగం వస్తుందని. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన మూడవ నంబరు జీవో ఆ ధైర్యాన్ని ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని ఆ జీవో చెప్పింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. అప్పటికే కొలువుల్లో ఉన్నవారిని కదపలేదు గాని, ఆ తరువాత చదువు ముగించుకుని వచ్చిన పిల్లలకు మాత్రం ముందున్న తలుపు మూసుకుపోయినట్లయింది. ఆ జీవోకు సాటివచ్చే రక్షణ కావాలని ఏజెన్సీ అంతటా ఆందోళనలు జరిగాయి. ఆ కోరిక న్యాయమైనదే. అది తేలేదాకా పట్టాలు చేతబట్టుకున్న యువతీ యువకులు ఏం చేయాలన్నది ఇప్పటి ప్రశ్న.

ఈ ఖాళీలోకి కొత్త మాట ఒకటి వచ్చి చేరుతోంది. విదేశాల్లో ఇంగ్లీషు పంతుళ్లు కావాలట, నాలుగు వారాల శిక్షణ చాలట, జీతం లక్ష దాటుతుందట! ఇటువంటి ప్రకటనలు చేతి ఫోన్లలోనే వస్తున్నాయి. హుకుంపేట, పెదబయలు, జి.మాడుగుల వంటి మండలాల్లో ఏ ఊరి తల్లిదండ్రులైనా అడిగే ప్రశ్న ఒకటే: ఇది నిజమేనా? నిజం సగం ఉంది. మిగతా సగంలోనే ప్రమాదం ఉంది.

నిజమైన సగం ముందు చూద్దాం. మన దేశపు ఉపాధ్యాయులు పరాయి దేశాల్లో ఇంగ్లీషు చెప్పడం కొత్త సంగతి కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నాటికే ఇథియోపియా బడుల్లో భారతీయ పంతుళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. మాల్దీవుల బడుల్లో దశాబ్దాలుగా మనవారున్నారు. గల్ఫ్ దేశాల్లో సి.బి.ఎస్.ఇ. అనుబంధంతో నడిచే బడులు వందకు పైగా ఉన్నాయి. వాటిలో పాఠం చెప్పేది ఎక్కువ మంది భారతీయులే. ఇక ఇంగ్లీషు బోధనకు తెలుగుగడ్డ మీదనే పేరు మోసిన విద్యాలయం ఉన్నదన్న సంగతి చాలామంది మరచిపోతారు. 1958లో హైదరాబాదులో పెట్టిన కేంద్ర ఇంగ్లీషు సంస్థ ముఖ్యోద్దేశం ఇంగ్లీషు పంతుళ్లకు తర్ఫీదు ఇవ్వడమే. 2007లో అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వస్తారు. కంబోడియా, లావోస్, వియత్నాం వంటి దేశాల్లో భారత ప్రభుత్వం ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు నెలకొల్పినప్పుడు ఆ పని అప్పగించింది కూడా ఈ సంస్థకే. కనుక ఇంగ్లీషు పుట్టుభాష కానివాడు ఇంగ్లీషు చెప్పకూడదన్న మాటలో పస లేదు.

కొండల పిల్లలకు ఈ విషయంలో మైదానం పిల్లలకు లేని అనుకూలత ఒకటున్నది. ఇంట్లో కువి మాట్లాడే పిల్ల సంతలో ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది, బడిలో తెలుగు నేర్చుకుంటుంది, ఆ తరువాత ఇంగ్లీషు. తెలియని భాషలో పంతులు ఏదో చెబుతూ ఉంటే నోరు విప్పలేక కూర్చునే బాధ ఆ పిల్ల స్వయంగా అనుభవించినదే. బొమ్మ చూపి, వస్తువు చేతికిచ్చి, పాటగా పాడించి మాట నేర్పితే ఎంత తొందరగా పట్టుబడుతుందో కూడా ఆమెకు తెలుసు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది భాషల్లో గిరిజన బాలలకు మాతృభాషా బోధన మొదలుపెట్టింది ఈ కారణంతోనే. అంతకు ఎంతో ముందు పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నారు. సవర వాచకాలు రాశారు, సవర–ఇంగ్లీషు నిఘంటువు కూర్చారు. భాషలు మారుతూ పెరిగిన పంతులు విలువ ఆయనకు తెలిసినంతగా మన విద్యాశాఖకు తెలియదనే చెప్పాలి. పరదేశంలో తమ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారిని కోరుకునే బడులు వెతికేది ఇలాంటి నేర్పునే.

ఐతే నేర్పు ఉన్నంత మాత్రాన కొలువు రాదు. గల్ఫ్‌లోని భారతీయ బడులు అడిగేది డిగ్రీ, బి.ఎడ్., ఆపైన రెండు మూడేళ్లు తరగతి గదిలో పనిచేసిన అనుభవం. అనుభవం లేని పట్టాను పక్కన పెట్టడం పరిపాటి. దక్షిణ కొరియా వంటి దేశాలు ఇంగ్లీషు బోధకుల వీసాను ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా పౌరులకు పెట్టుకున్నాయి. 2010 జనవరి నుంచి అమలైన భారత–కొరియా ఆర్థిక ఒప్పందం మనవారికి కూడా ఒక చిన్న ద్వారం తెరిచింది. ఆ ద్వారానికి తాళంచెవి ఉపాధ్యాయ అర్హత పత్రమే. అంటే బి.ఎడ్. వంటిది ఉండాలి. నాలుగు వారాల సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వెళితే కుదరదు. ఆ మధ్య భూటాన్ ప్రభుత్వం కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎడ్‌సిల్ ఉపాధ్యాయులను ఎంపిక చేసినప్పుడు గణితం, సైన్సు, కంప్యూటర్ సబ్జెక్టులవారినే కోరింది. ‘భూటాన్‌లో పంతుళ్లు కావలెను’ అన్న మాట విని ఇంగ్లీషువారు పరుగెత్తితే రైలు ఖర్చు దండుగ. ప్రకటన చివరిదాకా చదవాలి.

నాలుగు వారాల శిక్షణ సంగతి కూడా విప్పి చెప్పుకోవాలి. కేంబ్రిడ్జి వారి ‘సెల్టా’ అనే కోర్సు ఉన్నది. 120 గంటల శిక్షణ, అందులో కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పరీక్షకులు చూస్తుండగా పాఠం చెప్పాలి. దానికి విలువ ఉంది. ఖర్చు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఫోన్‌లోనే పాఠాలు విని, ఫోన్‌లోనే పరీక్ష రాసి తీసుకునే ‘టెఫ్ల్’ సర్టిఫికెట్లు అనేకం. ఒక్క పిల్లవాడి ముందైనా సుద్దముక్క పట్టకుండా ఇచ్చే కాగితం బి.ఎడ్.కు తోడుగా పనికివస్తుందేమో గాని, దానికి బదులుగా పనికిరాదు. ఈత పుస్తకం చదివి గెడ్డలో దూకినట్టే.

ఇక ప్రమాదకరమైన సగం. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారాన్ని ఈ జిల్లా మరచిపోరాదు. కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు యువకుల దగ్గర లక్షన్నర దాకా వసూలు చేశారు. థాయిలాండ్ మీదుగా కాంబోడియా చేర్చారు. అక్కడ వారిని గదుల్లో నిర్బంధించి, మన దేశంలోని జనాన్నే ఫోన్లలో మోసగించే పనికి పెట్టారు. ఎదురుతిరిగిన తరువాతే వందలాది భారతీయుల సంగతి లోకానికి తెలిసింది. ఏ దేశంలో మన ప్రభుత్వం ఇంగ్లీషు శిక్షణ కేంద్రం నడిపించిందో ఆ దేశానికే మన పిల్లలు అలా చేరారు. నాడు డేటా ఎంట్రీ అన్న నోరు రేపు ఇంగ్లీషు పంతులు అనదన్న హామీ ఎవరిస్తారు?

చట్టం లేకపోలేదు. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. అభ్యర్థి దగ్గర అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకు మించి అడిగితే అది నేరమే. ఐతే చదువుకున్నవారికి ఇందులో ఒక చిక్కున్నది. గల్ఫ్ వంటి దేశాలకు కూలికి వెళ్లే పదవ తరగతి చదవనివారి కాగితాలను వలస అధికారి పరిశీలించి అనుమతి ఇస్తాడు. పది దాటినవారికి ఆ అనుమతి అవసరం లేదు. చదివినవాడు తన బాగోగులు తానే చూసుకుంటాడని చట్టం ఉద్దేశం కాబోలు. బి.ఎడ్. చదివిన పిల్లను ఆ విధంగా ఎవరూ అడిగేవారు లేరు. జి.కె.వీధి కొండల్లోని తండ్రికి ఆ ఒప్పంద పత్రంలో ఏమున్నదో చదివి చెప్పేవారూ లేరు.

మన్యంలో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 1/70 చట్టం వల్ల గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతిలోకి పోదు, అది మంచిదే. ఏజెంటుకు కట్టే డబ్బు మాత్రం పశువులు అమ్మి, చెవి కమ్మలు అమ్మి, చెట్టు మీదున్న కాఫీ పంటను షావుకారుకు ముందే రాసిచ్చి తేవలసి వస్తుంది. పోయిన లక్షన్నర ఒక ఇంటికి మూడు నాలుగేళ్ల పంట.

అందుచేత పాడేరు ఐ.టి.డి.ఏ. కొన్ని పనులు తలకెత్తుకోవాలి. పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఆశ్రమ పాఠశాలల్లో కాంట్రాక్టు మీద ఇంగ్లీషు చెబుతున్న యువతీ యువకులకు వారు చేసిన సేవ, బోధించిన తరగతులు, కాలం వివరంగా రాసి అనుభవ పత్రం ఇవ్వాలి. ఏటికేడు కొత్తగా తీసుకుని సెలవుల్లో ఆపేసే పద్ధతి వల్ల ఆ కాలానికి లెక్క లేకుండా పోతోంది. పరదేశపు బడి అడిగే మొదటి కాగితం అదే. హైదరాబాదులోని ఇంగ్లీషు విశ్వవిద్యాలయం నుంచి బోధకులను రప్పించి వేసవిలో పాడేరులోనే ఆశ్రమ పాఠశాల పిల్లల ముందు పాఠం చెప్పించే శిక్షణ పెట్టాలి. పట్టాలకు ధ్రువీకరణ, పాస్‌పోర్టు, ఒప్పంద పత్రం చదివి చెప్పడం, ఏజెంటు నమోదై ఉన్నదీ లేనిదీ చూడడం వంటి పనులకు రాష్ట్ర ప్రభుత్వపు విదేశీ ఉపాధి సంస్థ ఓంక్యాప్ మనిషి ఒకరు పాడేరులో కూర్చోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు జిల్లా కేంద్రం. జిల్లా కేంద్రమైనా ఒక్కొక్క ముద్ర కోసం ఘాట్ రోడ్డు దిగి విశాఖ చుట్టూ తిరగవలసిన అవస్థ తగ్గలేదు.

మంచి ఇంగ్లీషు పంతుళ్లను బయటికి పంపితే మన పిల్లలకు ఎవరు చెబుతారని కొందరు పెద్దలు అడగవచ్చు. కాదనలేని ప్రశ్న. ఇక్కడి ఆశ్రమ పాఠశాలల్లో రెండు మూడేళ్లు పనిచేసి వెళ్లిన పంతులు ఆ కాలమంతా మన పిల్లలకే చెబుతాడు. వెళ్లి వచ్చినవాడు కొత్త పద్ధతులు తెస్తాడు. అలా కాక ఏ పనీ లేక ఇంట్లో కూర్చున్నవాడి వల్ల మాత్రం ఎవరికి లాభం? పరదేశపు కొలువు చూపించి స్థానిక పోస్టుల సంగతి దాటవేయడానికి ప్రభుత్వానికి వీలు ఇవ్వకూడదు. మూడవ నంబరు జీవో స్థానంలో నిలబడగల చట్టం తేవలసిన బాధ్యత దానిదే, ఈ శిక్షణ దానికి బదులు కాదు.

ఈలోగా ఎవరైనా ఇంటికి వచ్చి ఇంగ్లీషు పంతులు కొలువని చెబితే తల్లిదండ్రులు అతని నమోదు సంఖ్య అడగాలి. బడి పేరు, ఊరు పేరు, జీతం రాసిన కాగితం అడగాలి. పర్యాటక వీసా మీద ముందు వెళ్లి అక్కడ మార్చుకుందామంటే అక్కడితో మాట ఆపేయాలి. ఆ కాగితం చదవడం రాకపోతే ఊళ్లో పంతులు చేత చదివించుకోవడానికి మొహమాటపడనవసరం లేదు. వేసవి సెలవులకు ఇంకా వ్యవధి ఉండగానే ఐ.టి.డి.ఏ. ప్రాజెక్టు అధికారి ఈ శిక్షణ విషయమై ఒక నిర్ణయం ప్రకటించి, పదకొండు మండలాల సంతల్లోనూ దండోరా వేయించాలి.