స్టేజీ మీద పేరుంటే క్లాస్‌రూమ్‌లో కొలువొస్తుందా?

విజయనగరంలో గజపతుల సంగీత కళాశాల 1919లో మొదలైంది. పాతికేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ఆయన వాయిస్తుంటే విన్నవాళ్లు సీటు మాట పక్కనపెట్టి, ఏకంగా వయొలిన్ ఆచార్యుడి ఉద్యోగమే ఇచ్చారు. 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపల్ కూడా అయ్యారు. అదే ఆయన ఇవాళ ఓ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తున్నారనుకోండి. డిగ్రీ వివరాలు అడిగే బాక్స్ దగ్గరే ఆగిపోయేవారు.

సంగీతమో నాట్యమో నేర్చుకుంటూ 'పాఠాలు చెప్పి బతకొచ్చా?' అని ఆలోచించేవాళ్లు మీలో ఉంటారు. పగలు బీటెక్ క్లాసులు, సాయంత్రం గురువుగారి ఇల్లు. అలాంటివాళ్లకు ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: ముందు పేరు తెచ్చుకో, ఉద్యోగం దానంతటదే వస్తుంది. ఇది సగమే నిజం. పేరుకు విలువుంది, కానీ అది సెలక్షన్ కమిటీ చేతిలో పెట్టగలిగే కాగితంగా మారాలి.

యూజీసీ 2018 రెగ్యులేషన్స్ చూడండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి సంగీతం, నాట్యం వాళ్లకు రెండు దారులున్నాయి. మొదటిది అన్ని సబ్జెక్టుల్లాంటిదే. పీజీలో 55 శాతం, ఆపైన నెట్ లేదా పీహెచ్‌డీ. రెండోది కళాకారుల కోసం విడిగా పెట్టింది. ఏదైనా డిగ్రీ ఉండాలి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో 'ఏ' గ్రేడ్ ఆర్టిస్ట్ అయి ఉండాలి, థియరీని ఉదాహరణలతో చెప్పగలగాలి. నాటకం వాళ్లకైతే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా లాంటి సంస్థలో ఫస్ట్ క్లాస్‌తో పాటు ఐదేళ్ల రంగస్థల అనుభవం అడిగారు, అదీ ఆధారాలతో.

ఈ రెండో దారిలో బీటెక్ వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని అక్కడ రాయలేదు. మెకానికల్ చదివిన మృదంగ విద్వాంసుడు కూడా కాగితం మీద అర్హుడే. అలాగని గంతులేయకండి. ఆకాశవాణిలో బీ, బీ హై, ఏ, టాప్ అని మెట్లుంటాయి. ఆడిషన్‌లో నెగ్గినవాళ్లు మామూలుగా బీ దగ్గర మొదలవుతారు. అక్కడి నుంచి ఏ దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఇరవయ్యేళ్లకు ఆడిషన్ ఇచ్చినవాళ్లకూ, 'ఉద్యోగం చూసుకుందాంలే' అని ముప్పైలో మొదలుపెట్టినవాళ్లకూ తేడా అక్కడే వస్తుంది.

మొదటి దారిలో చిక్కు వేరే రకం. నెట్‌లో పేపర్ 1కి 50 ప్రశ్నలు, పేపర్ 2కి 100, అన్నీ ఆబ్జెక్టివ్. సంగీతం పరీక్షే గానీ గొంతు విప్పే పని లేదు. కచేరీలో గంటసేపు కూర్చోబెట్టగలిగిన వాళ్లు ఇక్కడ తడబడొచ్చు, స్టేజీ ఎక్కనివాళ్లు నెగ్గొచ్చు. ఇది నాకు నచ్చని పద్ధతే. కానీ మీకు నా సలహా మాత్రం నెట్ రాయమనే. ఎందుకంటే జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లూ నెలకు రూ.37,000 ఫెలోషిప్. సాధన చేసుకోవడానికి ఆ వయసులో అంత నిలకడైన డబ్బు ఇంకెక్కడా దొరకదు. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 30 ఏళ్లు కాబట్టి ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది.

ఇక మన సంగీత కళాశాలల్లో ఇచ్చే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల గురించి. విద్య పరంగా వాటికి వంక పెట్టలేం. ఘంటసాల, సుశీల విజయనగరంలో చదువుకున్నవాళ్లే. అయితే డిప్లొమాని యూజీసీ డిగ్రీగా లెక్కపెట్టదు. ఇంటర్ తర్వాత డిప్లొమా ఒక్కదాంతో ఆగితే పైన చెప్పిన రెండు దారులూ మూసుకుపోతాయి. ఆ కాలేజీల్లో పోస్టులకు రూల్స్ వేరు, అవి సాంస్కృతిక శాఖ చూసుకునేవి. కేంద్రీయ విద్యాలయాల్లో పీఆర్‌టీ మ్యూజిక్ పోస్టుకు మళ్లీ డిగ్రీ సంగీతంలోనే ఉండాలి. అంటే యూనివర్సిటీలో పనికొచ్చే బీటెక్ స్కూల్లో పనికిరాదు! నవ్వొస్తుంది గానీ నిజం.

2022లో యూజీసీ తెచ్చిన 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' గురించి వినే ఉంటారు. డిగ్రీ అక్కర్లేదు, రంగంలో అనుభవం చాలు అన్నారు. అది చూసి ఆశపడకండి. కనీసం 15 ఏళ్ల అనుభవం అడుగుతారు, మొత్తం కాలం నాలుగేళ్లకు మించదు. కెరీర్ గడిచిన పెద్దవాళ్లకు అది గౌరవం, మీకు మొదటి ఉద్యోగం కాదు. 2025 జనవరిలో వచ్చిన కొత్త నిబంధనల ముసాయిదాలోనూ కళలకు విడిగా దారి ఉంచారు. మీరు అప్లై చేసే నోటిఫికేషన్ ఏ ఏడాది రెగ్యులేషన్స్ ప్రకారమో ముందు చూసుకోండి.

పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి బేసిక్ రూ.57,700. ఆ అంకె చూసే చాలామంది ఇటు వస్తారు. అలాంటి పోస్టులు తక్కువ. మొదలయ్యేది మాత్రం గెస్ట్ ఫ్యాకల్టీగానే. బ్రిటన్ కన్సర్వెటోరీల్లోనూ వాయిద్యం నేర్పేవాళ్లలో చాలామంది కచేరీలు చేసుకుంటూ గంటల లెక్కన వచ్చి చెప్పిపోతారు. గంటల జీతమే తప్పు అనను, కచేరీలకు టైమ్ మిగులుతుంది. దాన్నే పర్మనెంట్ ఉద్యోగానికి వెయిటింగ్ రూమ్ అనుకుని పదేళ్లు కూర్చోవడమే ప్రమాదం. ఆ పదేళ్లలో గ్రేడూ పెరగదు, పీహెచ్‌డీ పూర్తికాదు.

మా కోడింగ్ వాళ్లకు గిట్‌హబ్ ఉంటుంది. ఎప్పుడు ఏం రాశామో తేదీతో సహా కనిపిస్తుంది. కళాకారులకు అలాంటిది ఎవరూ చేసిపెట్టరు. కచేరీ ఆహ్వాన పత్రం, నిర్వాహకుల లెటర్, ఆకాశవాణి కాంట్రాక్టు, పేపర్ కటింగ్, పూర్తి నిడివి వీడియో అన్నీ తేదీల వారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. రీల్స్ లెక్కలోకి రావు. గురువుగారి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో రాసిచ్చిన ఉత్తరం ఆయన ఉండగానే తీసుకోండి. అడగడానికి మొహమాటమే, కానీ తర్వాత ఆ సంతకం ఎవరూ పెట్టలేరు.

గెస్ట్‌గా పిలుపొస్తే మూడు అడగండి. పీరియడ్‌కి ఎంత, సెలవుల్లో ఏమైనా ఇస్తారా, అనుభవ ధ్రువపత్రం ఏ పేరుతో ఇస్తారు? మూడోదానికి 'తర్వాత చూద్దాం' అంటే అదే ప్రశ్న మెయిల్‌లో పంపండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.