చదరంగంలో పౌరసత్వ ప్రశ్న

జంషెడ్‌పూర్:

పార్లమెంటు సమావేశాలకు విరామం దొరికినందున బంధువుల ఇంట వివాహానికి గత వారం ఈ ఉక్కునగరానికి రావడం జరిగింది. విడిదికి సమీపంలో, బిష్టుపూర్‌లోని ఒక వరండాలో, సాయంకాలాలు చదరంగం ఆడుకునే తెలుగువారి బృందం తటస్థపడింది. అందరూ కర్మాగారంలో పనిచేసి విశ్రమించినవారు, లేదా వారి సంతానం. పెద్దలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు.

నెదర్లాండ్స్ సముద్రతీరాన వైక్ ఆన్ జే గ్రామంలో రానున్న జనవరి టోర్నమెంటును గురించి వారు వాదించుకుంటున్నారు. 1938లో అక్కడి ఉక్కు కంపెనీ ప్రారంభించిన ఆ పోటీ, టాటాలు 2007లో కోరస్‌ను కొన్న దరిమిలా, 2011 నుంచి టాటా స్టీల్ పేరుతో జరుగుతున్నది. అందుచేత వీరికి అది ‘మన కంపెనీ ఆట’. 2025లో దాని ప్రధాన విభాగంలో ఆడిన పద్నాలుగు మందిలో ఐదుగురు భారతీయులు. ఆ ఐదుగురిలో పెండ్యాల హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి ఉన్నారు. చివరకు గుకేశ్‌ను టైబ్రేక్‌లో ఓడించి ప్రజ్ఞానంద విజేత అయినాడు. ఆ గుకేశ్ 2024 డిసెంబరులో ప్రపంచ విజేత అయినప్పుడు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముఖ్యమంత్రులు ఇద్దరూ అతడు తమవాడే అన్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గెలిచినవాడికి బంధువులు ఎక్కువ.

"హరికృష్ణ ప్రాగ్‌లో కాపురం ఉంటున్నాడు కదా, ఇంకా మనవాడెట్లా అవుతాడు?" అని ఒక యువకుడు అన్నాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో హరికృష్ణ ఉన్నాడని నేను జ్ఞాపకం చేయవలసి వచ్చింది. నివాసం వేరు, పౌరసత్వం వేరు. ఆ యువకుడు పొరబడడంలో వింత లేదు. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖే పొరబడింది.

2010 ఆగస్టులో హైదరాబాదులో ప్రపంచ గణితవేత్తల మహాసభ జరిగింది. ఆ సందర్భంలో విశ్వనాథన్ ఆనంద్‌కు గౌరవ డాక్టరేటు ఇవ్వాలని హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంకల్పించింది. కేంద్ర విశ్వవిద్యాలయానికి విజిటరు రాష్ట్రపతి కనుక ఫైలు మానవ వనరుల మంత్రిత్వ శాఖ గుండా పోవాలి. స్పెయిన్‌లో నివసిస్తున్న ఈయన అసలు భారతీయుడేనా అని అక్కడ ఎవరికో సందేహం కలిగింది. ఆనంద్ అప్పటికి ప్రపంచ విజేత. 2008లో పద్మవిభూషణ్ అందుకున్నవాడు. ఆయన చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే. దాని ప్రతిని పంపినా ఫైలు కదలలేదు. ప్రదానం జరగవలసిన రోజు గడిచింది. గగ్గోలు పుట్టిన తర్వాత మంత్రి కపిల్ సిబల్ ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నారు. ఆనంద్ మాత్రం ఆ రోజు నలభై మంది గణితవేత్తలతో ఏకకాలంలో చదరంగం ఆడాడు. సౌత్ బ్లాకులో గాని శాస్త్రి భవన్‌లో గాని ఒక సందేహం పుడితే దాన్ని తీర్చేవాడికంటె పై మెట్టుకు పంపేవాడే వివేకవంతుడని పేరు. ఇన్నేళ్ల అనుభవంలో నేను చూసినది ఇదే.

చదరంగం ప్రపంచానికి ఈ విషయంలో మరొక పద్ధతి ఉన్నది. ఆటగాడు ఏ సమాఖ్య పేర నమోదైతే ఆ జెండా కింద ఆడతాడు. ఫిలిప్పీన్స్ ఆటగాడు వెస్లీ సో 2014లో అమెరికా సమాఖ్యకు మారి, 2016 ఒలింపియాడ్‌లో ఆ దేశపు స్వర్ణ విజేత జట్టులో ఆడాడు. అతడు అమెరికా పౌరుడైనది 2021లో! భారత సంతతి బాలుడు శ్రేయస్ రాయల్ 2018లో, తండ్రి పనివీసా గడువు ముగియనున్నందున, ఇంగ్లండు విడిచిపోవలసిన స్థితికి వచ్చాడు. ప్రతిభను చూసి అక్కడి ప్రభుత్వం ఉండనిచ్చింది. 2024లో అతడు గ్రాండ్‌మాస్టరైనాడు. మనదేశం 2008లో చేసిన నిర్ణయం ఇందుకు విరుద్ధం: భారత పాస్‌పోర్టు లేనివాడు దేశం తరఫున ఆడరాదు. ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించని దేశానికి ఆ నియమం సహజమే. అయితే పాస్‌పోర్టే ప్రమాణమని శాసించినవారు, పాస్‌పోర్టు చూపినవాడిని మళ్లీ ప్రశ్నించడం ఏ న్యాయం?

ఇంతసేపూ మౌనంగా బంట్లు సర్దుతున్న ఒక వృద్ధుడు తల ఎత్తాడు. "ఆనంద్ గారికి పాస్‌పోర్టైనా ఉందండి. మా మనవడు ఏ కాయితం చూపాలంటారు?"

ఆయన ప్రశ్న 1932 ఖతియాన్‌ను గురించినది. 1932 నాటి లేదా అంతకు పూర్వపు భూమి రికార్డులలో పూర్వుల పేర్లున్నవారినే స్థానికులుగా నిర్వచిస్తూ జార్ఖండ్ శాసనసభ 2022 నవంబరులో బిల్లు ఆమోదించింది. గవర్నరు 2023 జనవరిలో తిప్పి పంపారు. అదే డిసెంబరులో సభ మళ్లీ ఆమోదించింది. భూమి లేనివారిని గ్రామసభ గుర్తించవచ్చునని అందులో ఉన్నది. కాని జంషెడ్‌పూర్ గ్రామం కాదు. ఈ నగరం చాలా భాగం టాటాల లీజు భూమి. కంపెనీ క్వార్టరులో మూడు తరాలు గడిపినవాడి పేర ఖతియాన్ ఎక్కడినుంచి వస్తుంది?

ఆదివాసుల వాదనలో బలం లేకపోలేదు. గనులకు, కర్మాగారాలకు భూమి పోయినది వారిది. ఉద్యోగాలలో వెనుకబడినదీ వారే. వారికి రక్షణ కావాలి, అది ఆలస్యమైనదని కూడా నేనంటాను. అయితే రక్షణకు, 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారైన నాటి నుంచి కొలిమి దగ్గర నిలబడిన కూలీల సంతతిని పరాయివారు చేయడానికి సంబంధమేమిటో బిల్లు రచించినవారు చెప్పలేదు. రాజ్యాంగం తొమ్మిదవ షెడ్యూలులో చేరిన తర్వాతనే అమలు అని బిల్లులోనే ఉన్నది. అంటే పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేయాలి. రాంచీ నిర్ణయాన్ని ఢిల్లీ మీదికి, ఢిల్లీ మౌనాన్ని రాంచీ మీదికి నెట్టుకునేందుకు ఇంతకంటె అనువైన ఏర్పాటు ఉండదు.

ఈ మాటే వృద్ధుడితో అన్నాను. "అయితే ఆట డ్రా అన్నమాట," అని నవ్వి, గుర్రాన్ని ముందుకు జరిపాడు. పదేళ్ల మనవడు పక్కనే కూర్చుని, తాత రాజుకు రానున్న ప్రమాదాన్ని చూసి కూడా చెప్పకుండా పెదవి బిగబట్టి ఉన్నాడు. టాటానగర్ స్టేషనులో నా రైలుకు వేళయింది.