ట్రాన్స్‌ఫర్ కంప్లీట్ అంటే చాలదు

నెట్‌వర్క్స్ పేపర్‌లో ఎఫ్‌టీపీ అంటే మనకి రెండు మార్కుల ప్రశ్న. కంట్రోల్‌కి పోర్ట్ 21, డేటాకి పోర్ట్ 20 అని రాసేస్తే అయిపోతుంది. ల్యాబ్‌లో ఇంకా సులువు. కనెక్ట్ అయ్యామా, ఫైల్ పంపామా, "ట్రాన్స్‌ఫర్ కంప్లీట్" అని వచ్చిందా, రికార్డులో సంతకం పెట్టించుకున్నామా, అంతే. అవతల ఉన్నది కూడా మన లినక్స్ మెషీన్ లాంటిదే అయితే పర్లేదు. మెయిన్‌ఫ్రేమ్ ఉంటే మాత్రం ఇది చాలదు. నా ఉద్దేశంలో కనెక్షన్ కుదరడం చిన్న పని. రెండు వైపులా ఆ బైట్లని ఒకే అర్థంతో చదువుతున్నారా లేదా తేల్చుకోవడం అసలు పని. మనకి నేర్పనిది అదే.

"ఈ రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ ఎవడు వాడుతున్నాడు?" అంటారేమో. పెద్ద బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ఎయిర్‌లైన్స్ ఇంకా వాడుతూనే ఉన్నాయి. మన వైపు వాళ్లకి ఇది పరాయి సంగతి కూడా కాదు. వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్లు గుడివాడలో, బందరులో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. వాళ్లకి తెలిసిన విషయం మన సిలబస్‌కి తెలియదు.

అసలు తేడా ఎక్కడుంది? ఐబీఎం 1964లో సిస్టమ్/360 తెచ్చినప్పుడు అక్షరాలకి ఎబ్సిడిక్ అనే కోడ్ వాడింది. మనం చదువుకున్న ఆస్కీలో ఇంగ్లిష్ పెద్ద ఎ విలువ 65. ఎబ్సిడిక్‌లో 193. ఈ గొడవ ఎఫ్‌టీపీ రాసినవాళ్లకీ తెలుసు. 1985 నాటి ఆర్ఎఫ్‌సీ 959లోనే ఆస్కీ, ఎబ్సిడిక్, ఇమేజ్ అని రకాలు విడివిడిగా పెట్టారు. టెక్స్ట్ మోడ్‌లో పంపితే దారిలో కోడ్ మారుతుంది. బైనరీలో పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఏది ఎప్పుడు వాడాలో మెషీన్ చెప్పదు. ఫైల్‌లో ఏముందో తెలిసిన మనిషే చెప్పాలి.

ఒక ఉదాహరణ చూడండి. నాగాయలంకలో ఒక రైతు ఖాతాలో 12,345 రూపాయలు ఉన్నాయనుకుందాం. కోబాల్‌లో డబ్బుని తరచుగా ప్యాక్డ్ డెసిమల్‌గా దాస్తారు. బైట్‌కి రెండంకెలు, చివర్లో ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తు. అంటే హెక్స్‌లో 12, 34, 5సి. ఈ ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో పంపితే అవి అంకెలని దానికి తెలియదు, అక్షరాలనుకుని మార్చేస్తుంది. 12 అలాగే ఉంటుంది, 34 కాస్తా 94 అవుతుంది, 5సి వెళ్లి 2ఎ అవుతుంది. అవతల ప్రోగ్రామ్ దాన్ని మళ్లీ ప్యాక్డ్‌గానే చదివితే వచ్చేది 12,942. చివరి ఎ కూడా చెల్లే ప్లస్ గుర్తే, కాబట్టి ఎర్రర్ రాదు. 597 రూపాయలు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చాయి, స్క్రీన్ మీద మాత్రం ట్రాన్స్‌ఫర్ కంప్లీట్! నమ్మకపోతే పైథాన్‌లో ఆ మూడు బైట్లని సీపీ037తో డీకోడ్ చేసి, లాటిన్-1లోకి ఎన్‌కోడ్ చేసి చూడండి.

ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ బయటికి కనిపిస్తుంది కాబట్టి ఎస్ఎఫ్‌టీపీకి మారాలి, నిజమే. కానీ మెయిన్‌ఫ్రేమ్ జెడ్/ఓఎస్‌లో ఎఫ్‌టీపీ ఏమీ చెప్పకపోతే టెక్స్ట్ మోడ్‌లో పంపుతుంది. ఎస్ఎఫ్‌టీపీ ఏమీ చెప్పకపోతే బైనరీలో పంపుతుంది. సెక్యూరిటీ కోసం ఒకటి తీసి ఇంకోటి పెడితే నిన్నటిదాకా చదవగలిగిన ఫైల్ ఇవాళ గజిబిజిగా వస్తుంది.

ఇక మన తెలుగు సంగతి. మామూలుగా వాడే ఎబ్సిడిక్ కోడ్ పేజీల్లో తెలుగు అక్షరాలు లేనే లేవు. యూటీఎఫ్-8లో బైనరీగా పంపినా ఇంకో చిక్కుంది. అక్కడి రికార్డుల్లో ప్రతి గడికీ ఇన్ని బైట్లు అని ముందే కొలత ఉంటుంది. ఊరి పేరుకి 20 బైట్లు ఇచ్చారనుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మచిలీపట్నం 13 బైట్లలో సరిపోతుంది. తెలుగులో గుణింతం గుర్తులతో కలిపి 10 కోడ్‌లు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 30. 'మచిలీప' దగ్గర తెగిపోయి, ట ముక్కలో రెండు బైట్లు చెత్తగా మిగులుతాయి. గుడివాడ 21, దివిసీమ 21. ఒక్క బైట్ చాలక గుడివాడలో చివరి డ పోతుంది, దివిసీమలో మ పోతుంది. కొలత రాసే రోజున తెలుగు తెలిసినవాళ్లు గదిలో ఉండి అడగకపోతే, ఆ తర్వాత అడిగినా దిద్దడం చాలా ఖర్చు.

సరుకు చేరిందో లేదో సరిచూసుకోవడం బందరుకి కొత్తేం కాదు. తీరం దగ్గర లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి, సరుకు పడవల్లో ఒడ్డుకి వచ్చేది. ఒడ్డున లెక్క చూసుకోకుండా చేరిందని ఎవరంటారు? అదే ఊళ్లో 1923లో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. రెండు బ్యాంకులు కలిశాయంటే ఖాతాల డేటా కూడా కలవాలి. అక్కడ మెయిన్‌ఫ్రేమ్ ఉన్నా లేకపోయినా ప్రశ్న ఒకటే: ఇటు బయల్దేరిన పైసలు, పేర్లు అటు అలాగే చేరాయా?

అందుకే మన ల్యాబ్‌లో ఒక్క ఎక్స్‌పరిమెంట్ మార్చాలని అడుగుతున్నాను. దానికి మెయిన్‌ఫ్రేమ్ కొనక్కర్లేదు, పైథాన్ చాలు. ఒక టీమ్ ఎబ్సిడిక్ ఫైల్ తయారుచేయాలి, ఇంకో టీమ్ అందుకోవాలి. పంపేముందు మోడ్ ఏది, రికార్డు పొడవెంత, ఏ గడిలో ఏముంది అని కాగితం మీద రాసుకోవాలి. కోడ్ మారిన ఫైల్‌కి చెక్‌సమ్ ఎలాగూ కలవదు. కాబట్టి రికార్డులు ఎన్ని, డబ్బు మొత్తం ఎంత అని రెండు వైపులా లెక్క కట్టి సరిపోల్చాలి. కనీసం ఒక రికార్డులో ఊరి పేరు తెలుగులో ఉండాలి. మార్కులు కనెక్ట్ అయినందుకు కాకుండా లెక్క కలిసినందుకు వేయాలి. హెచ్‌ఓడీ సార్ దగ్గరికి వెళ్లి అడగడానికి నేను రెడీ. మీలో ఎవరొస్తారు?