‘దీనికి వైరస్ రాదండీ’

కంప్యూటర్ కొనడానికి వెళ్లిన ప్రతిసారీ దుకాణదారుని నోట ఒక మాట మాకు వినిపిస్తూనే ఉన్నది: “దీనికి వైరస్ రాదండీ.” ఒకరు మ్యాక్ గురించి అంటారు, మరొకరు లినక్స్ గురించి అంటారు. ఇంటి పెద్దలు ఆ మాట నమ్మి బ్యాంకు లావాదేవీలు, ఆస్తి కాగితాల నకళ్లు, పిల్లల ఫోటోలు సమస్తం ఆ యంత్రానికే అప్పగిస్తారు. కనుక ఆ మాటలోని నిజమెంతో ఈ నెల పరిశీలిద్దాం.

ముందు మ్యాక్ సంగతి. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ సుమారు 6 లక్షల మ్యాక్ యంత్రాలలో చొరబడింది. అది ప్రవేశించిన దారి జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం. దాన్ని సరిచేసే అప్‌డేట్ ఫిబ్రవరిలోనే వెలువడినా, మ్యాక్ వాడేవారికి ఏప్రిల్‌లో గాని అందలేదు. ‘మాకు రాదు’ అన్న ధీమాతో ఉన్నవారి ఇంటనే దొంగ తాపీగా తిరిగాడన్నమాట.

లినక్స్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. దాని ప్రోగ్రామ్‌ను ఎవరైనా తెరిచి చదవవచ్చు. అందరి కళ్లూ దానిపైనే ఉంటాయి కాబట్టి మోసం దాగదని అభిమానుల నమ్మకం. అయితే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ నిర్వహణలో ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరకు అందులో రహస్య ద్వారం అమర్చాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటర్‌లోకి దూరం నుండి లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతున్నదేమని ఆరా తీయగా గుట్టు బయటపడింది. అర సెకనును లెక్కచేసే మనుషులు ఎందరుంటారు! అది చాలా యంత్రాలకు చేరకముందే పట్టుబడటం లోకానికి కలిసివచ్చింది.

ఇక విండోస్. 2017 మే నెలలో వాన్నాక్రై ప్రపంచాన్ని వణికించింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగే రకమది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఏ లోపం గుండా ప్రవేశించిందో, ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. మందు ఇంట్లోనే ఉన్నది, వేసుకున్నవారే తక్కువ. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా పాత కంప్యూటర్లున్న ఇళ్లవారు గమనించాలి.

అలాగని అన్నీ ఒకటేనని మేము అనడం లేదు. సొంత స్టోరు నుండి తప్ప యాప్‌లను సులభంగా లోనికి రానివ్వని ఐఫోన్ తాళం గట్టిదే. నిర్వాహకుని పాస్‌వర్డ్ లేనిదే వ్యవస్థను తాకనివ్వని లినక్స్ పద్ధతీ మంచిదే. కానీ తాళంచెవి మన చేతిలోనే ఉన్నది కదా!

మేమెరిగిన ఒక పెద్దాయనకు నిరుడు వాట్సాప్‌లో షాదీ కార్డు వచ్చింది. పంపినది తెలిసినవారి నంబరే. అప్పటికే వారి ఫోనూ దొంగల వశమైందని తరువాత తెలిసింది. కార్డు అంటే ఫోటోగానో పీడీఎఫ్‌గానో రావాలి. ఇది మాత్రం ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను దించే ఫైలు. తెరవబోతే ఫోన్ ఆగి, తెలియని చోటు నుండి వచ్చినది దించమంటారా అని అడిగింది. హానికరం కావచ్చునని హెచ్చరించింది. చివరకు మీ ఎస్ఎంఎస్‌లు దీన్ని చదవనివ్వనా అని కూడా అడిగింది. మూడుసార్లూ ఆయన అనుమతించారు. ఎస్ఎంఎస్‌లు చదవగలిగినవాడికి ఓటీపీ దొరకదా? తెల్లవారేసరికి ఖాతాలోని పింఛను సొమ్ము లేదు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తన పని తాను చేసింది. అయితే అది అడిగినదంతా ఇంగ్లీషులో అడిగింది. ఆయనకు ఇంగ్లీషు రాదు.

మనవడు 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాడు. ఆ యాప్‌ను తొలగించి, ఫోన్‌ను పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ సిద్ధం చేస్తూ ఏ భాష పెట్టమంటారని తాతగారిని అడిగాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే అయినా, బడిలో చదువుకున్నది తెలుగు కాబట్టి తెలుగే పెట్టమన్నారాయన. ఇప్పుడు ఫోన్ ఏది అడిగినా కళ్లజోడు పెట్టుకుని, పైకి చదివి, ఇంట్లో ఎవరినో ఒకరిని పిలుస్తున్నారు.