మూడేళ్లు ఆగిన పెళ్లి



పోయిన వారం గోరేబాళలో మన మీటింగు కాలువ నీళ్లతో, వడ్ల ధరతో మొదలై పిల్లల పెళ్లిళ్ల దగ్గర ఆగింది. మన క్యాంపు అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయిది హైదరాబాదు. రెండేళ్లుగా వాళ్ల మాటలన్నీ ఫోన్లోనే. కులం వేరు. అమ్మాయి తండ్రి మనల్ని అడిగింది ఒక్కటే: "సంఘం తరఫున గట్టిగా చెప్పండి, మానుకుంటుంది." ఇంకో పెద్దాయన, "నాలుగు నెలలు దూరంగా ఉంచితే అదే మర్చిపోతుంది" అన్నారు. ఆ రోజు మేము ఏమీ చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం.

దూరం పెట్టడం కొత్త మందు కాదు. మన రాయచూరు కూడా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో హైదరాబాదులో అఘోరనాథ చటోపాధ్యాయ గారనే బెంగాలీ బ్రాహ్మణ పండితుడు ఉండేవారు. ఆయన కూతురు సరోజిని పన్నెండేళ్లకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసైంది. తెలుగువాడైన డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడు గారిని ఇష్టపడింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. భాష వేరు, కులం వేరు, ఆయన వయసులో బాగా పెద్ద. ఇంట్లో ఒప్పుకోలేదు. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆమె ఇంగ్లండు వెళ్లింది. ఉత్తరం ఓడ మీద వారాల తరబడి ప్రయాణించే కాలం అది. వీడియో కాల్ లేదు, వాట్సాప్ లేదు.

మూడేళ్లు గడిచినా మనసు మారలేదు. 1898లో తిరిగొచ్చింది. ఆ డిసెంబరులో మద్రాసులో పెళ్లి. దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం గారు. 1872 నాటి చట్టం ప్రకారం, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు తండ్రి ఒప్పుదల ఉండాలి. ఆమెకు అప్పుడు పంతొమ్మిది. అంటే వద్దన్న ఇంటివాళ్లే చివరికి సరే అనాల్సి వచ్చింది. ఆ సరోజినీ నాయుడే 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలు, 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నరు.

పదిహేనేళ్ల పిల్ల ప్రేమను మేము సమర్థించడం లేదు. ఆ వయసులో ఆగమని చెప్పడం తల్లిదండ్రుల ధర్మమే. కానీ ఆగి, చదువుకుని, ఎదిగి వచ్చాక కూడా అదే మాట మీద నిలబడితే, దాన్ని వినడం కూడా ధర్మమే. దూరం పరీక్షగా పనికొస్తుంది, శిక్షగా పనికిరాదు. పరీక్ష పెట్టి, పాసైన తర్వాత కూడా ఫెయిల్ అంటే ఎలా?

అసలు దూరం గురించి మనకు ఒకరు చెప్పాలా? 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక, ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని మన తాతలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఈ నల్లరేగడికి వచ్చారు. ముందు మగవాళ్లు వచ్చి గుడిసె వేసుకుని, తర్వాత ఇంట్లోవాళ్లను తెచ్చుకున్న కుటుంబాలు మనలో లేవా? అమ్మమ్మలు ఉత్తరాల మీదే కాపురాలు నిలబెట్టారు కదా!

అందుకే మా మాట. సంఘం బెదిరించడానికి లేదు. ఇప్పటి చట్టంలో అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే నిర్ణయం వాళ్లది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్టరు చేసుకోవచ్చు. మనం చేయాల్సింది వేరే ఉంది. అబ్బాయి ఉద్యోగం, అలవాట్లు, అప్పులు విచారించాలి. రెండు ఇళ్లవాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టాలి. అమ్మాయిని అందరి ముందు నిలబెట్టకుండా విడిగా అడగాలి.

అన్నయ్యా, మీరు ఇది చదువుతారని తెలుసు. మీ అమ్మాయి పారిపోలేదు. రెండేళ్లుగా మీ ఒప్పుదల కోసమే ఆగి ఉంది. ఒక్కసారి అబ్బాయిని ఇంటికి పిలవండి. మీకు తోడుగా మేమూ వస్తాం.