వెన్న కొలుస్తాం, శుభ్రత కొలవమా?

ఉదయంపూట మీ ఊరి పాల కేంద్రం దగ్గర కాసేపు నిలబడి చూడండి. ప్రతి ఇంటి పాలలోనూ కొద్దిగా తీసి వెన్న శాతం చూస్తారు. వెన్న కాని ఘనపదార్థాలు ఎంతో చూస్తారు. చాలా ఊళ్లలో ధర ముఖ్యంగా ఈ రెండింటినిబట్టే కడతారు. ఆ పాలు ఎలా పితికారన్నది ధరలోకి రాదు. ఇది సరికాదని నా అభిప్రాయం.

ఆరోగ్యంగా ఉన్న గేదె పొదుగులోని పాలలో బాక్టీరియా చాలా తక్కువ. ఎక్కువభాగం పాలు బయటికి వచ్చేటప్పుడు, వచ్చాక చేరుతుంది. చన్నులకు అంటిన పేడ, పితికేవారి చేతులు, సరిగా కడగని చెంబు, అదే సమయంలో విదిలించే ఎండుగడ్డి దుమ్ము – అన్నీ దారులే. మన పల్లెల్లో ఒక అలవాటుంది. పితుకుతూ మధ్యమధ్య వేళ్లను పాలనురగలో తడుపుకుంటారు. చన్నుమీది మురికి ఆ వేళ్లనుంచి తిన్నగా పాలలోకి దిగుతుంది. బొటనవేలు మడిచి లాగడం మరొకటి. దానివల్ల చన్ను లోపల దెబ్బతిని పొదుగువాపు వ్యాధికి వీలు కలుగుతుంది. పిడికిలి పట్టి నొక్కితే ఆ బాధ లేదు. మొదటి రెండు మూడు ధారలను వేరే గిన్నెలో పట్టాలి. చన్ను రంధ్రం దగ్గర చేరిన బాక్టీరియా చాలావరకు వాటితో పోతుంది. ఆ పాలలో తునకలు కనిపిస్తే జబ్బు ముందే తెలుస్తుంది. నేలమీద పితికేస్తే మాత్రం జబ్బును పాకంతా చల్లినట్లే!

ఆ తర్వాత పని ఎండది. పాలలో వెయ్యి బాక్టీరియా ఉండి, అరగంటకోసారి రెట్టింపయితే 4 గంటలకు 2,56,000 అవుతాయి. లెక్క మీరే వేసి చూడండి. తాజా పాలకు వీటిని కొంతసేపు నిలవరించే గుణం ఉంది గాని, వేసవిలో అది ఎంతోసేపు ఆగదు. 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే పెరుగుదల బాగా మందగిస్తుంది. అయితే చలి వాటిని చంపదు.

"కాచుకునే తాగుతాం కదా మాస్టారూ!" అంటారు మా తరగతి పిల్లలు. కాచవలసిందే. గుమ్మపాలు బలమని పచ్చివి తాగడం మంచిది కాదు. కాని స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా పాలలో విడిచే విషం మరిగించినా పోదు. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వాడిన గేదె పాలలోకి ఆ మందు కొంత వస్తుంది. అదీ కాచినంతమాత్రాన పూర్తిగా పోదు. అటువంటి పాలు ఒక్కోసారి తోడుకోవు కూడా.

ఆపరేషన్ ఫ్లడ్ పథకం 1970లో మొదలయింది. 1998 నాటికి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఎన్ని పాలు అన్నది బాగానే చూసుకున్నాం. తెల్లవారకముందే లేచి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పితికే గిన్నెను ఎండబెట్టి పాలు పోసే అమ్మకూ, అవేమీ చేయనివారికీ ఒకే ధర కడితే ఆ అమ్మ ఎన్నాళ్లు శ్రమపడుతుంది? లీటరుకు ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా చూడండి, ఎన్ని ఇళ్లలో గిన్నెలు ఎండకెక్కుతాయో!

కొలవడం కష్టమని కొందరంటారు. మిథిలీన్ బ్లూ పరీక్ష ఉండనే ఉంది. బాక్టీరియా పాలలోని ఆక్సిజన్‌ను వాడుకున్నకొద్దీ నీలిరంగు పోయి పాలు తెల్లబడతాయి. 37 డిగ్రీల వద్ద 5 గంటలు, ఆపైన రంగు నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోనే పోతే నాసిరకం. మీ సైన్సు మాస్టారి సాయంతో బడిలో చేసి చూడండి. మరిగించి ఆరబెట్టిన పరీక్షనాళికలో 10 మి.లీ. పచ్చిపాలు పోసి, బాగా పలచన చేసిన రంగు 1 మి.లీ. కలిపితే చాలు. నాళికలమీద ఇళ్ల పేర్లు మాత్రం రాయకండి, అంకెలు వేయండి. ఊళ్లో తగవులు మనకెందుకు!